జాడీకి పేలాలు పెట్టిందెవరు?

"సార్జెంట్, బర్గ్లరీ అంటే ఏమిటో తెలుసా నీకు?"

ఇన్‌స్పెక్టర్ ఎడ్మండ్ సావింగ్ టైపు మిషను మీంచి తల ఎత్తకుండానే అడిగాడు. ఇరవై కాపురాలు ఒకే కప్పు కింద వరుసగా ఉండే పొడుగింటి వసారాలో చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పడవలో తొడుక్కున్న నారింజరంగు లైఫ్ జాకెట్ ఇంకా ఒంటిమీదే ఉంది.

సార్జెంట్ సుబాంగ్ అప్పుడే వచ్చి ఎదురుగా కూలబడింది. పొద్దుటి నుంచి ఈ ఇంటి ఇరవై గుమ్మాలూ తిరిగి వచ్చింది. ఇరవై గదుల్లోనూ తమలపాకు పెట్టారు, ఇరవై గదుల్లోనూ ఒకటే మాట చెప్పారు. "మేం నిద్దరపోతున్నామమ్మా." నోరు ఎర్రగా పండింది తప్ప చేతికి ఏమీ చిక్కలేదు.

"తెలీకపోతే చెప్తాలే, సిగ్గెందుకు. ఇంగ్లండులో ఆర్నెల్లు ఇదే చదివాను. మామూలు దొంగతనం వేరు, బర్గ్లరీ వేరు. దీనికి నాలుగు కాళ్ళు. రాత్రి జరగాలి. మనుషులు కాపురముండే ఇల్లు కావాలి. ఎవరూ పిలవకుండా చొరబడాలి. అడుగు పెట్టేటప్పటికే మనసులో చెడు ఉండాలి. నాలుగూ కుదిరితే పద్నాలుగేళ్ళ దాకా లోపల వెయ్యొచ్చు. ఇక్కడ నాలుగూ కుదిరాయి."

"మంచానికీ నాలుగు కాళ్ళే సార్. ఒకటి ఊడితే పడుకున్నవాడు నేల మీద ఉంటాడు."

ఎడ్మండ్ నవ్వాడు. "ఊడబెరుకు మరి. పైన వాన పడుతోందట. ఏరు పొంగేలోగా పడవ ఎక్కాలి నేను. అందాకా నీ ఇష్టం."

జరిగింది చెప్పుకోవాలంటే నాలుగు ముక్కలే. లెంగాయ్ అనే ముసలాయన పోయి నెల తిరగలేదు. ఇల్లు మైలలో ఉంది. స్తంభాల మీద కట్టిన ఆ ఇంటికి ఎక్కే నిచ్చెన మొదట్లో పచ్చి కొమ్మ కట్టారు, అంటే బయటివాళ్ళు ఎక్కకూడదని. అలాంటి నిచ్చెన మీద, మూడు రోజుల కిందట తెల్లవారుతూ ఉండగా, వీపున ఖాళీ బుట్టతో ఎక్కుతూ దొరికిపోయాడు జారౌ. దిగువ ఊరి పడవవాడు, అరవై దగ్గర పడ్డవాడు. పట్టుకున్నది లెంగాయ్ కొడుకు మెంగా. రాత్రంతా పందుల వేటకు పోయి అప్పుడే వచ్చానన్నాడు. లోపలికెళ్ళి చూస్తే మూల ఉండాల్సిన నాగజాడీ లేదు. నడుమెత్తు జాడీ, చుట్టూ నాగుపాము బొమ్మ. ఏడు తరాలుగా ఆ గదిలోనే ఉందది. దాన్ని చూపించే ఆ ఇంటికి పిల్లనిచ్చేవారు పూర్వం.

ఎడ్మండ్ లెక్క సూటిగా ఉంది. జారౌ రాత్రి చొరబడ్డాడు, జాడీని బుట్టలో మోసుకుపోయి రేవులో ఎవరి పడవలోనో ఎక్కించాడు, రెండో జాడీ కోసం ఖాళీ బుట్టతో తిరిగొచ్చాడు.

సుబాంగ్ లేచి స్తంభం దగ్గరికి వెళ్ళింది. జారౌ చేతులకు సంకెళ్ళు. గెడ్డం మాసిపోయి ఉంది.

"బాబాయ్, నిచ్చెన ఎక్కావా?"

"ఎక్కాను."

"కొమ్మ కట్టి ఉందని చూశావుగా?"

"చూశాను."

"రాత్రి ఒకసారి, తెల్లారి ఒకసారి. అంతేనా?"

"అంతే."

"రాత్రి ఎవరు పిలిచారు నిన్ను?"

జారౌ ఏటి వైపు చూశాడు. "నీళ్ళు ఎర్రబారాయి. పైన గట్టి వానే పడ్డట్టుంది."

"నీళ్ళ సంగతి కాదు బాబాయ్ నేనడిగేది. పిలవకుండా వెళ్ళావా?"

"చేపలు కూడా ఒడ్డుకి వచ్చేస్తున్నాయి, చూడు."

సుబాంగ్‌కి ఒళ్ళు మండింది. అబద్ధం చెప్పేవాణ్ణి పట్టుకోవచ్చు. నోరు మూసుకున్నవాణ్ణి కొంతసేపు కూర్చోబెట్టి మాట్లాడించవచ్చు. నిజమంతా ఒప్పుకుని ఒక్క ముక్క దగ్గర ఏరు, చేపలు అనే మనిషిని ఏం చెయ్యాలి?

ఆమె తిరిగి వెళ్తుంటే జారౌయే పిలిచాడు. "అమ్మాయ్. నన్ను తీసుకుపోతే పోండి. వేరే పడవవాణ్ణి పెట్టుకోండి."

"ఎందుకు?"

"ఊరికే."

ఎడ్మండ్ విని పకపకా నవ్వాడు. తనతో వచ్చిన పడవవాడు జ్వరంతో మూలుగుతున్నాడు. బండల మధ్య ఏరు సుడులు తిరుగుతూ ఉరికే నల్లరాళ్ళ వడి దాటించగలిగినవాళ్ళు ఈ చుట్టుపట్ల ఇద్దరే, ఒకడు జారౌ, రెండోవాడు మెంగా. జారౌకి సంకెళ్ళు పడ్డాయి కనక మెంగా తోలతానని ముందుకొచ్చాడు. "చూశావా సార్జెంట్, జైలుకి పోతూ కూడా వృత్తి గర్వం పోలేదు ముసలాడికి! తనకంటే బాగా తోలేవాడు ఉండకూడదు. మెంగా పడవ ఇంజను చూశావా? నలభై గుర్రాలది. కొత్తది. రేకు మీద కాగితం కూడా ఇంకా ఊడలేదు."

సుబాంగ్ వినీ విననట్టే లెంగాయ్ గదిలోకి నడిచింది.

మెంగా తల్లి గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. మాసిన నల్లబట్ట, నూనె లేని జుట్టు. మైల తీరేదాకా అంతే, గడప దాటకూడదు, పెద్ద గొంతుతో మాట్లాడకూడదు, అద్దంలో చూసుకోకూడదు.

జాడీ నిలబెట్టిన మూల వెదురు బద్దల మీద గుండ్రంగా తెల్లటి మచ్చ పడి ఉంది. చుట్టూ ఉన్న బద్దలన్నీ పొగకి నల్లబడ్డాయి. సుబాంగ్ మోకాళ్ళ మీద వంగి, జడపిన్ను తీసి బద్దల సందులో గీకింది. పైకి వచ్చినదాన్ని అరచేతిలో వేసుకుని గుమ్మం దగ్గరి వెలుతుర్లోకి తెచ్చింది.

పేలాలు. నాలుగు గింజలు. వాటికి అంటుకుని ఎండిన గుడ్డు సొన.

"ఏమిటది?" ఎడ్మండ్ వెనకాలే వచ్చాడు.

"పేలాలు సార్."

"ఎలకల భోజనం."

"ఎలకలు గుడ్డు పగలగొట్టి పేలాల్లో కలిపి పెట్టవు. జాడీకి పెట్టారు ఇవి. మా అమ్మమ్మ జాడీని జానెడు జరపాలన్నా ముందు పేలాలు పెట్టి, 'అలగకు తల్లీ, చోటు మారుస్తున్నాం' అని చెప్పేది. చెప్పకుండా కదిపితే ఆ ఇంట్లో పిల్లలకి జ్వరాలొస్తాయని."

"అయితే ఏం? జారౌ కూడా ఇక్కడివాడేగా. దొంగతనానికి వచ్చినా భయం పోదు. జేబులో వేసుకొచ్చాడు."

సుబాంగ్ పొయ్యి దగ్గరికి వెళ్ళి, మూలకు నెట్టిన పాత బూడిద వేళ్ళతో కెలికింది. మాడిన వడ్ల పొట్టు, పేలని గింజలు మూడు వచ్చాయి.

"జేబులో తేలేదు సార్. ఈ పొయ్యి మీదే వేయించారు. వడ్లు పేలుతుంటే ఎంత చప్పుడో మీకూ తెలుసు, మీరూ ఇలాంటి ఇంట్లోనే పుట్టారు. ఇరవై గుమ్మాలకీ వినబడుతుంది. దొంగ వచ్చి పొయ్యి రాజేసి, పెనం పెట్టి, చిటపటలాడిస్తుంటే ఇరవై ఇళ్ళవాళ్ళూ నిద్దరపోయారా?"

ఎడ్మండ్ మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. వెంటనే సర్దుకున్నాడు. "సరే, ఎవరైనా పిలిచారంటావు. పిలిచినవాళ్ళు వచ్చి నా ముందు ఆ మాట అనాలి. పొయ్యిలో బూడిద కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పదు. పిలిచిన మనిషిని చూపించు, మూడో కాలు నేనే విరగ్గొడతాను."

అతను బయటికి వెళ్ళిపోయాడు. సుబాంగ్ మెంగా తల్లి వెనక కూర్చుంది.

"పెద్దమ్మా, నేను అడిగేదానికి తల ఊపినా చాలు. జారౌని నువ్వు పిలిచావా?"

ముసలామె నల్లబట్ట తల మీదికి లాక్కుంది.

"పిలవకుండా వచ్చాడంటే ఆయన మిగిలిన బతుకంతా జైలే. పిలిస్తే వచ్చాడంటే ఇంటికి పోతాడు. ఒక్క మాట. బర్గ్లరీ అనే ఆ ఇంగ్లీషు మాట నిలబడ్డం, పడిపోవడం అంతా నీ నోట్లో ఉంది."

"ఇంగ్లీషు మాట నాకు తెలీదు అమ్మాయ్." గొంతు గోడలోంచి వస్తున్నట్టుంది. "మన మాట ఒకటి తెలుసు. మైల విడవని ఆడది చీకటి పడ్డాక పరాయి మగాణ్ణి గదిలోకి పిలిస్తే ఏమంటారు?"

ఆ ఏటి మీద ఏ ఆడపిల్లకైనా తెలుసు ఆ మాట. చచ్చినవాడి మీద రంకు.

"పందినిచ్చి తప్పు కట్టుకుంటే పోయేది కాదు అది. ఈ గది వదిలి పోవాలి. రేపు నేను పోయినా ఆయన పక్కన నన్ను పెట్టరు. నలభై ఏళ్ళు పక్కన పడుకున్నాను. నీ మంచానికి ఒక కాలు విరిచి ఆ ముసలాణ్ణి దించుతావు, బాగానే ఉంది. నేనెక్కడ పడుకోను?"

"జాడీ ఎందుకు కదిపావు పెద్దమ్మా?"

"నేను కదిపానని చెప్పానా?"

ముసలామె ఇంకాస్త గోడ వైపు జరిగింది.

సుబాంగ్ వసారాలోకి వచ్చి గోడకి తల ఆనించి నిలబడింది. రెండు ధర్మాలు. ఒకటి ముసలాయన్ని తింటుంది, రెండోది ముసలామెను. ఒకరిని విడిపించబోతే రెండోవాళ్ళు ఇరుక్కుంటారు. తనేమో మధ్యలో నిలబడి పేలాలు ఏరుకుంటోంది. ఎంత చదివి ఏం లాభం, తమలపాకు ఉమ్మెయ్యడానికి కూడా చోటు కనబడటం లేదు.

అప్పుడు బుట్ట కంటబడింది. జారౌ వీపు బుట్ట. ఎడ్మండ్ దానికి చీటీ కట్టి సామాన్ల పక్కన పెట్టాడు.

కొల్లగొట్టుకుపోయినవాడు రెండో జాడీ కోసమే తిరిగొస్తే, దించుకోవడానికి మెత్తటి గుడ్డయినా తెచ్చుకోడా? బుట్టలో ఏమీ లేదు. కడిగి తుడిచి ఉంది. అరువు తెచ్చుకున్న బుట్టని తిరిగి ఇచ్చేవాళ్ళే అలా కడుగుతారు. ఆమె బుట్టను తలకిందులు చేసి అల్లిక మీద వేళ్ళు పోనిచ్చింది. అడుగున, రెండు బద్దల మధ్య ఇరుక్కుని, చిన్న ఆకు ముక్క. ఎర్ర క్రోటన్.

ఆ మొక్కని ఈ ఏటి మీద ఎవరూ ఇంటి దగ్గర వెయ్యరు. సమాధుల దగ్గర నాటుతారు.

"తాతా!" ఇంటి పెద్ద అంపాన్ వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. సుబాంగ్ అతని ముందు చతికిలబడింది. "లెంగాయ్ తాత పోయేముందు ఏమైనా కోరాడా?"

అంపాన్ సూది ఆపలేదు. "అందరూ ఏదో ఒకటి కోరతారు."

"నాగజాడీ తన సమాధి మీద పెట్టమన్నాడా?"

సూది ఆగింది. "పెట్టమన్నాడు. కొడుకు ఒప్పుకోలేదు. ఏడు తరాల సొత్తు మట్టిపాలు చేస్తారా అని పెద్ద గొడవ. కొడుకు వద్దన్నాక నేనేం చెయ్యను? వారసుడు వాడు."

"జాడీ అక్కడుందేమో చూసి వద్దాం, రా తాతా."

"ఊరికే వెళ్ళే చోటు కాదమ్మా అది."

"ఊరికే కాదు."

"నేను రాను. నువ్వు వెళ్ళినట్టు నేను చూడలేదు. ఆ సందులోంచి వెళ్తే దగ్గర."

ఆమె టోపీ తీసుకుంటుంటే ఎడ్మండ్ అడ్డం వచ్చాడు. వాన తుంపర మొదలైంది. మెంగా రేవులో ఇంజను దించి సిద్ధం చేస్తున్నాడు.

"ఎక్కడికి?"

"సమాధుల దగ్గరికి. బుట్టలో ఆకు దొరికింది సార్. వచ్చేదాకా ఆగండి."

"గంట నుంచీ పేలాలు, ఇప్పుడు ఆకు. తర్వాత పీతా? సార్జెంట్, నీ వంట అయ్యేదాకా ఏరు ఆగుతుందా?"

"పట్టుమని గంట చాలు సార్. ఒక మనిషి పద్నాలుగేళ్ళు."

"పొంగితే మూడు రోజులు ఇక్కడే ఉండాలి. నా పై అధికారికి ఏం చెప్పను, ఆకు కోసం ఆగానని చెప్పనా? నువ్వు తర్వాతి పడవలో రా." గొంతు తగ్గించాడు. "నా మాట విను అక్కా. నేనూ ఈ ఏటి పిల్లాణ్ణే. ఎక్కడో ఒకచోట ఈ ఇళ్ళవాళ్ళకి తెలియాలి, ఎవరి గదిలోకి పడితే వాళ్ళ గదిలోకి పోవడం కుదరదని."

"వాళ్ళకి తెలుసు సార్. మనకంటే గట్టిగా తెలుసు. అదే నా ప్రాణానికి వచ్చింది."

ఆమె వాదన ఆపి పరుగెత్తింది.

దారి అంతా జలగలు. కాలువ మీద దుంగ జారుతోంది. వాన గట్టిపడింది. ఎర్ర క్రోటన్ల మధ్య కొత్త సమాధి మీద చిన్న రేకు కప్పు, దాని కింద లెంగాయ్ టోపీ, వల, కత్తి. అన్నీ విరిచి పెట్టారు. ఇక్కడ విరిగింది అక్కడ బాగుంటుందని పెద్దల నమ్మకం. వాటి పక్కన, జాగ్రత్తగా కుప్ప పోసి, నాగజాడీ పెంకులు.

సుబాంగ్‌కి ఎక్కడ లేని బలం వచ్చింది. దొంగతనం లేదు. జాడీ లెంగాయ్‌దే, లెంగాయ్ దగ్గరే ఉంది. భార్య పంపింది, స్నేహితుడు మోశాడు, చెప్పిన ప్రకారం పగలగొట్టాడు, అరువు బుట్ట తిరిగివ్వబోయి దొరికిపోయాడు. నాలుగో కాలు ఇక్కడే విరిగింది, చెడ్డ ఉద్దేశం లేదు. ముసలామె నోరు విప్పకపోయినా ఫరవాలేదేమో!

పెంకు ఒకటి తీసుకుంది. గోధుమరంగు మెరుపు మీద నాగు తోక. తిప్పి చూసింది.

విరిగిన అంచు కొబ్బరిచెక్కలా తెల్లగా ఉంది.

ఇంకోటి తీసింది. అదీ తెలుపే. మరోటి. చిన్నప్పుడు అమ్మమ్మ ఇంట్లో అగ్గి పడినప్పుడు పాత జాడీ పగిలితే పెంకులు చూసింది తను. లోపల మట్టి కాలిన ఇనుములా నల్లగా ఉంది. తెల్లమట్టి పట్నంలో కొత్త బట్టీలవాళ్ళది. అచ్చు పాతవాటిలాగే చేసి అమ్ముతారు, యాత్రకొచ్చినవాళ్ళు కొనుక్కుపోతారు.

అంటే ముసలామె పంపింది నాగజాడీ కాదు. అసలుది అంతకుముందే పోయింది. దాని చోట్లో దీన్ని పెట్టారు. గదిలో తిరిగే మనిషే పెట్టాలి. మైలలో ఉన్నామె వెలుగులోకి తీసి చూడదని తెలిసినవాడే పెట్టాలి.

కొత్త ఇంజను. నలభై గుర్రాలది. రేకు మీద కాగితం ఇంకా ఊడలేదు.

పెంకులు రెండు చొక్కాలో వేసుకుని వెనక్కి పరుగెత్తింది. కాలువ దగ్గర పడింది, లేచింది. ఇల్లు కనబడేసరికి కింద రేవులో ఇంజను మోత. కొత్త ఇంజను, గట్టిగా, నదురుబెదురు లేని మోత.

"ఆపండి! సార్! ఆపండి!"

పడవ అప్పటికే నడిమధ్యకి పోయింది. ముందు ఎడ్మండ్, నారింజరంగు జాకెట్. మధ్యలో జారౌ, ఒళ్ళో సంకెళ్ళ చేతులు. వెనక నిలబడి తోలుతున్నాడు మెంగా. ఎడ్మండ్ చెయ్యి ఊపాడు, వీడ్కోలు చెప్తోందనుకున్నాడు కాబోలు. పడవ వంపు తిరిగింది.

సుబాంగ్ నిచ్చెన ఎక్కి తిన్నగా గదిలోకి పోయి, పెంకు ముసలామె ఒళ్ళో పెట్టింది. "అంచు చూడు పెద్దమ్మా."

మెంగా తల్లి మొదటిసారి గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. పెంకు అంచు మీద బొటనవేలు రాసింది, కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. చాలాసేపు చూసింది.

"మా అత్త జాడీ మూతి దగ్గర పెచ్చు లేచి ఉండేది. నల్లగా ఉండేది లోపల. ఆ పెచ్చు కోసం ఆ రాత్రి తడిమి చూశాను. లేదు. చీకట్లో తెలియలేదనుకున్నాను." పెంకు కింద పెట్టింది. "మా ఆయనకి గవ్వకి కొరగాని కుండ పంపించాను, కాదూ."

"మెంగా..."

"చెప్పకు. నేనే కన్నాను."

గోడ పట్టుకుని లేచింది. గడప దాటకూడని మనిషి గడప దాటింది. వసారా పొడుగునా నడిచి నిచ్చెన దగ్గర ఆగి, మైల కొమ్మ మీద చెయ్యి వేసి, ఇన్నాళ్ళూ ఎత్తని గొంతుతో అరిచింది.

"జారౌని నేను పిలిచాను! రాత్రి పూట, నా గదిలోకి, నేను పిలిచాను! ఏం పేరు పెడతారో పెట్టుకోండి!"

ఒక గుమ్మం తెరుచుకుంది. తర్వాత ఇంకోటి. పక్క గది ముసలామె కర్ర పట్టుకుని బయటికొచ్చింది. "అరుస్తావెందుకే? పేలాల చప్పుడు అందరం విన్నాం. పెనం నాదేగా, పేలాలు వేయించింది నేనేగా. ఇద్దరు ముసలమ్మలున్న గదిలో రంకేమిటి? నువ్వు నోరు తెరవకుండా మేం ముందు ఎలా తెరుస్తాం?"

అంపాన్ వల పక్కన పెట్టేశాడు. "అయితే అయిపోయింది. మా కట్టుబాటు ప్రకారం తప్పు లేదు. అమ్మాయ్, ఇప్పుడు ఆ ఇన్‌స్పెక్టర్‌కి కబురు..."

సుబాంగ్ వినడం లేదు. జారౌ మాట చెవిలో తిరుగుతోంది. వేరే పడవవాణ్ణి పెట్టుకోండి. ఊరికే.

జాడీ పగలగొట్టింది జారౌ. తన చేతులతో. తెల్లటి అంచు మొదట చూసింది అతనే. స్నేహితుడి కొడుకు దొంగ అని ఆ ముసలామెకు చెప్పలేక ఏరు, చేపలు అన్నాడు. అతను చూశాడని, తెల్లారి నిచ్చెన మీద ఖాళీ బుట్టతో ఎదురుపడ్డ క్షణంలోనే మెంగాకి అర్థమైంది. అందుకే ముందుగా దొంగ దొంగ అని అరిచాడు. అందుకే పడవ తోలతానన్నాడు. ఆ పడవలో లైఫ్ జాకెట్ ఒక్కటే. సంకెళ్ళున్న చేతులు ఈదలేవు.

"తాతా, రేవులో ఇంకో పడవ ఉందా?"

"ఉంది. ఎందుకూ?"

ఆమె చెయ్యెత్తి నిశ్శబ్దంగా ఉండమంది. అందరూ చెవులు రిక్కించారు. వాన చప్పుడు. దాని వెనక, దూరంగా, కొత్త ఇంజను మోత, వంపు అవతల, నల్లరాళ్ళ వడి దగ్గర.

మోత ఆగిపోయింది.

నల్లరాళ్ళ వడిలో, పడవలోవాళ్ళు బతకాలనుకున్నవాడు ఎవడూ ఇంజను ఆపడు.